రోటరీకి స్పార్క్ సరిపోవట్లేదా? ముందు టైం లెక్కేయండి, కాయిల్ తర్వాత కొనొచ్చు

టర్బో రోటరీకి (పిస్టన్లు లేకుండా లోపల మూడు మూలల రోటార్ తిరిగే ఇంజన్‌కి) ఇగ్నిషన్, అంటే స్పార్క్ ఇచ్చే సరంజామా, మారుస్తున్నా అని ఎవరికి చెప్పినా ముందు అడిగేది ఒకటే, "ఏ కాయిల్ వేస్తున్నావ్ బ్రో?" అని. తప్పేం లేదు, నేనూ అలాగే మొదలుపెట్టా, రాత్రిళ్ళు కూర్చుని ఏ కాయిల్‌కి (ప్లగ్‌కి హై వోల్టేజ్ ఇచ్చేది ఇదే) ఎన్ని మిల్లీజూల్స్ శక్తి అని పోల్చుకుంటూ. కానీ పనంతా అయ్యాక చూస్తే కాయిల్ బ్రాండ్ అనేది ఈ కథలో చివరాఖర్న తేల్చుకోవాల్సిన సంగతి, దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి ఏంటంటే ఆ కాయిల్‌కి ఛార్జ్ అవడానికి ఎంత టైం దొరుకుతోంది, కరెంట్ ఎటు నుంచి వచ్చి ఎటు పోతోంది, ప్లగ్ ఏ పరిస్థితిలో ఉంది, ఈ మూడే. ఇవి సరిగ్గా లేకుండా ఎంత ఖరీదైన కాయిల్ తెచ్చి తగిలించినా మిస్‌ఫైర్, అంటే గాలీ పెట్రోలూ వెలగకుండా పోవడం, అలాగే ఉంటుంది.

కారు సంగతి చెప్పేస్తా. మాజ్డా ఆర్ఎక్స్-7, ఎఫ్‌డీ అనే తరంది, 13బీ-ఆర్ఈడబ్ల్యూ ఇంజన్, ఒక్కో రోటార్‌కి 654 సీసీ చొప్పున మొత్తం 1308. ఫ్యాక్టరీ సీక్వెన్షియల్ ట్విన్ టర్బోలు పీకేసి పెద్ద సింగిల్ టర్బో పెట్టాం, ఇంజక్టర్లు పెద్దవి, ఫ్యూయల్ పంప్ పెద్దది, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) స్టాండలోన్, అంటే ఫ్యాక్టరీది కాకుండా విడిగా పెట్టింది. ఇగ్నిషన్ మాత్రం ఒరిజినలే ఉండిపోయింది. ఈ కారు బయటకొచ్చినప్పుడు 255 హార్స్‌పవర్, జపాన్‌లో అమ్మిన చివరి మోడల్స్‌కి 280 పీఎస్, అంతవరకు మాజ్డా వాళ్ళు ఇచ్చిన ఇగ్నిషన్‌కి వంక పెట్టక్కర్లేదు, నిజానికి కాయిల్స్ వైర్లు మంచి కండిషన్‌లో ఉంటే దాని మీద ఇంకొంచెం పవర్ కూడా మోస్తుంది. కానీ 450 పైన అడుగుతూ ఇంకా దాన్నే పట్టుకుని వేలాడితే అది మన అత్యాశ.

ఎలా బయటపడిందంటే, 1 బార్ బూస్ట్ (టర్బో లోపలికి తోసే అదనపు గాలి ప్రెషర్) వరకు సాఫీగా లాగేది, 1.2 దాటించి 6500 ఆర్పీఎం పైకి వెళ్ళేసరికి ఎవరో వెనక నుంచి పట్టుకుని వదులుతున్నట్టు తడబడేది, సైలెన్సర్‌లోంచి పట్‌పట్‌మని శబ్దం. తక్కువ బూస్ట్‌లో అదే ఆర్పీఎం దగ్గర ఏమీ లేదు. ఆర్పీఎంతో పాటు బూస్ట్ కూడా కలిస్తేనే వస్తోందంటే అనుమానం ముందు స్పార్క్ మీదకే వెళ్ళాలి.

ఇక్కడో ఉచ్చు ఉంది, చాలామంది ఇందులోనే పడతారు. ఈసీయూ రికార్డు చేసిన లాగ్ తెరిచి చూస్తే తడబడిన చోట ఎగ్జాస్ట్‌లోని వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఠక్కున లీన్, అంటే పెట్రోల్ తక్కువని, చూపిస్తుంది. వెంటనే ఏమనుకుంటాం, ఫ్యూయల్ తగ్గింది, బాబోయ్ అపెక్స్ సీల్ (రోటార్ మూలల్లో గ్యాస్ లీకవకుండా ఆపే పట్టీ) పోతుంది, ఇంకాస్త పోద్దాం అని. కానీ ఆ సెన్సర్ పెట్రోల్‌ని కొలవదు, ఎగ్జాస్ట్‌లో మిగిలిన ఆక్సిజన్ చూసి లెక్క కడుతుంది. మిస్‌ఫైర్ అయినప్పుడు గాలీ పెట్రోలూ రెండూ కాలకుండానే బయటికొచ్చేస్తాయి, ఆ కాలని గాలిలోని ఆక్సిజన్ చూసి సెన్సర్ లీన్ అంటుంది. మనం అది నమ్మి పెట్రోల్ పెంచుతాం, మిక్స్చర్ ఇంకా రిచ్ అవుతుంది, రిచ్ మిక్స్చర్‌ని వెలిగించడం ఇంకా కష్టం, మిస్‌ఫైర్ ఇంకా పెరుగుతుంది, సెన్సర్ ఇంకా లీన్ అంటుంది. ఇలా పోసుకుంటూ పోతే చివరికి ప్లగ్‌లు నల్లగా తడిసిపోయి కారు స్టార్ట్ కూడా అవ్వదు. ఫ్యూయల్ ప్రెషర్ కదలకుండా ఉందా, ఇంజక్టర్ డ్యూటీ (తెరిచి ఉండే టైం శాతం) మామూలుగానే ఉందా, ఆర్పీఎం గీత మాత్రం రంపంలా పళ్ళు పళ్ళుగా ఉందా, అయితే అది లీన్ కాదు, మిస్‌ఫైర్. నా లాగ్‌లో అచ్చం అదే ఉంది. పైగా ఆ కాలని సరుకంతా వేడి మానిఫోల్డ్‌లోకి వెళ్ళి అక్కడ అంటుకుంటుంది, ఆ దెబ్బ టర్బైన్ మీద పడుతుంది, కాబట్టి కొంచెం తడబాటే కదా అని అలాగే తొక్కుకుంటూ తిరగడం మంచిది కాదు.

రోటరీకే ఈ గొడవ ఎందుకంటే దాని కంబషన్ చాంబర్ ఆకారం చూడండి. పిస్టన్ ఇంజన్‌లో గుండ్రంగా, మధ్యలో ప్లగ్. ఇక్కడ పొడుగ్గా సన్నగా ఉండే చాంబర్, అదీ ఒకచోట నిలవదు, రోటార్‌తో పాటు హౌసింగ్ గోడ వెంబడి జరుగుతూ పోతుంది. ఒక ప్లగ్‌తో ఆ చివర నుంచి ఈ చివర వరకు మంట పాకాలంటే టైం సరిపోదు. అందుకే 1967 కాస్మో స్పోర్ట్ నుంచే మాజ్డా ఒక్కో రోటార్‌కి రెండు ప్లగ్‌లు పెట్టింది, 1991లో లెమాన్స్ గెలిచిన 787బీలో అయితే నాలుగు రోటార్ల ఇంజన్, ఒక్కో రోటార్‌కి మూడేసి ప్లగ్‌లు, అంటే మొత్తం పన్నెండు. మన 13బీలో కింద ఉండేది లీడింగ్, పైన ఉండేది ట్రెయిలింగ్. లీడింగ్ ముందు వెలుగుతుంది, అసలు పని చేసేది అదే, ట్రెయిలింగ్ కొన్ని డిగ్రీలు ఆగి వెలిగి వెనక మిగిలిన మిక్స్చర్ సంగతి చూసుకుంటుంది. ట్రెయిలింగ్ ప్లగ్ దగ్గర హౌసింగ్‌లో ఉన్న రంధ్రం చాలా చిన్నది, ఎందుకంటే అపెక్స్ సీల్ దాని మీదుగా వెళ్ళేటప్పుడు అటూ ఇటూ ప్రెషర్ తేడా ఎక్కువ, రంధ్రం పెద్దదైతే ఒక చాంబర్‌లోంచి ఇంకో చాంబర్‌లోకి గ్యాస్ లీకవుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. ఫోర్ స్ట్రోక్ పిస్టన్ ఇంజన్‌లో ఒక సిలిండర్ ప్లగ్ క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి వెలుగుతుంది. 8000 ఆర్పీఎం దగ్గర రెండు స్పార్క్‌ల మధ్య 15 మిల్లీసెకండ్లు. రోటరీలో ఎక్సెంట్రిక్ షాఫ్ట్ (ఇక్కడ క్రాంక్ పని చేసేది) ఒక చుట్టుకే ప్రతి రోటార్ ఒకసారి ఫైర్ అవుతుంది, అంటే అదే 8000 దగ్గర 7.5 మిల్లీసెకండ్లు. సగం. అదీ ప్లగ్‌కి ఒక కాయిల్ ఉంటే. ఫ్యాక్టరీ ఎఫ్‌డీలో అలా లేదు, రెండు లీడింగ్ ప్లగ్‌లకి కలిపి ఒకటే కాయిల్, దానికి రెండు కొనలు, ఏ రోటార్ వంతు వచ్చినా రెండు ప్లగ్‌లూ ఒకేసారి వెలుగుతాయి, ఒకటి పనికొస్తుంది, రెండోది వృథా, దీన్నే వేస్టెడ్ స్పార్క్ అంటారు. రెండు రోటార్లూ 180 డిగ్రీల తేడాతో తిరుగుతాయి కాబట్టి ఆ ఒక్క కాయిల్ షాఫ్ట్ చుట్టుకి రెండుసార్లు కొట్టాలి, నిమిషానికి 16000 సార్లు. 8000 ఆర్పీఎం దగ్గర దానికి దొరికేది 3.75 మిల్లీసెకండ్లు, 9000 దగ్గరైతే 3.33. ఆ కాస్త టైంలోనే ఛార్జ్ అవ్వాలి, కొట్టాలి, స్పార్క్ ఆరాలి, మళ్ళీ ఛార్జ్ మొదలవ్వాలి.

కాయిల్ అనేది బకెట్ లాంటిదనుకోండి, కుళాయి తిప్పి ఉంచిన టైమే డ్వెల్. బకెట్ ఎంత పెద్దదైనా నిండకముందే లాగేసి ఒంపితే పడేది సగం నీళ్ళే. పెద్ద కాయిల్ తెచ్చి ఫ్యాక్టరీ వేస్టెడ్ పద్ధతిలోనే నడిపితే జరిగేది అదే, కింద ఆర్పీఎంలో అదిరిపోతుంది, పైకెళ్ళేసరికి, అంటే మనకి నిజంగా కావాల్సిన చోట, నిండే టైం ఉండదు. 3 మిల్లీసెకండ్ల డ్వెల్ కావాల్సిన కాయిల్‌ని 3.75లో తిప్పితే డ్యూటీ 80 శాతం, అలా ఎక్కువసేపు నడిస్తే కాయిల్ మాడుతుంది. అదే కాయిల్‌ని ప్లగ్‌కి ఒకటి చొప్పున విడిగా ట్రిగ్గర్ చేస్తే, అంటే కొట్టమనే సిగ్నల్ దేనికది ఇస్తే, 7.5లో 3, అంటే 40 శాతం, హాయిగా ఉంటుంది. కాబట్టి నా వరకు అసలు అప్‌గ్రేడ్ ఏంటంటే నాలుగు కాయిల్స్, నాలుగు విడి ట్రిగ్గర్లు, ఏ ప్లగ్‌ది ఆ ప్లగ్‌కే. మిగతాదంతా దీని తర్వాతే.

దీనికి ఈసీయూలో అవుట్‌పుట్లు ఉండాలి మరి. ఎఫ్‌డీ ఫ్యాక్టరీ వైరింగ్‌లో ఇగ్నిషన్ సిగ్నల్స్ మూడే, లీడింగ్ రెంటికీ కలిపి ఒకటి, ట్రెయిలింగ్‌కి చెరొకటి. పవర్ ఎఫ్‌సీ లాంటి ప్లగ్-ఇన్ ఈసీయూ వాడేవాళ్ళు ఆ మూడింటితోనే సర్దుకోవాలి, ఒక లీడింగ్ సిగ్నల్‌ని రెండు కాయిల్స్‌కి పంచుతారు, స్పార్క్ బలం పెరుగుతుంది నిజమే కానీ రెండు కాయిల్సూ చుట్టుకి రెండేసి సార్లు కొడుతూనే ఉంటాయి, టైం మిగలదు. అలాంటివాళ్ళు డ్వెల్ తక్కువ పెట్టుకోవాలి, లేదా తక్కువ టైంలో నిండే కాయిల్ చూసుకోవాలి. స్టాండలోన్ ఉంటే నాలుగు అవుట్‌పుట్లు పెట్టేసుకోండి, వైర్ ఒకటి ఎక్కువ లాగాలంతే.

మధ్యలో ఒక హెచ్చరిక. లీడింగ్‌ని వేస్టెడ్‌లో నడిపినా పర్లేదు, ఎందుకంటే ఆ వృథా స్పార్క్ వచ్చే టైంకి లీడింగ్ ప్లగ్ ఎదురుగా ఇంకా కాలిపోయిన గ్యాసే ఉంటుంది. ట్రెయిలింగ్‌ని మాత్రం ఎప్పుడూ వేస్టెడ్‌లో పెట్టకండి. అది పైన ఉంటుంది, తిరిగొచ్చే అపెక్స్ సీల్ ముందు దాన్నే దాటుతుంది, అంటే వెనకాల వస్తున్న చాంబర్‌లోని తాజా మిక్స్చర్ దాని ఎదుటికి ముందే వచ్చేస్తుంది, అక్కడ వృథా స్పార్క్ పడితే అది వృథా కాదు, టైం కాని టైంలో నిప్పు. ఫ్యాక్టరీ వాళ్ళు లీడింగ్‌కి ఒకే కాయిల్‌తో సరిపెట్టి ట్రెయిలింగ్‌కి రెండు ఎందుకిచ్చారో ఇప్పుడు అర్థమవుతుంది, డబ్బులు ఎక్కువై కాదు.

ఇక బూస్ట్ సంగతి. ప్లగ్ గ్యాప్‌లో కరెంట్ దూకాలంటే కావాల్సిన వోల్టేజ్ అక్కడి గ్యాస్ ప్రెషర్‌తో పాటు పెరుగుతుంది. 1 బార్ బూస్ట్ అంటే లోపలికి దాదాపు రెట్టింపు గాలి, దాన్ని మళ్ళీ కంప్రెస్ చేస్తున్నాం. దీనికి తోడు రోటరీలో ఫుల్ బూస్ట్ దగ్గర నాక్ (మిక్స్చర్ తనంతట తానే పేలడం) భయంతో టైమింగ్ బాగా తగ్గించి టీడీసీకి, అంటే చాంబర్ పూర్తిగా నొక్కుకునే చోటుకి, 10, 15 డిగ్రీల ముందు పెట్టుకుంటాం, అంటే స్పార్క్ వచ్చే క్షణానికి చాంబర్ దాదాపు పూర్తిగా నొక్కుకుపోయి ఉంటుంది. ట్రెయిలింగ్ ఇంకా ఆలస్యంగా వస్తుంది కాబట్టి దానికి ఇంకా కష్టం. పైగా మనం వాటర్-మెథనాల్ కొడతాం, లేదా ఇథనాల్ కలిసిన ఫ్యూయల్ పోస్తాం, మిక్స్చర్ 11 కంటే (ఒక వంతు పెట్రోల్‌కి 11 వంతుల గాలి) రిచ్‌గా పెడతాం, ఇవన్నీ ఇంజన్‌ని కాపాడేవే కానీ స్పార్క్‌కి మాత్రం అడ్డే. ఫ్యాక్టరీ ఇగ్నిషన్ చేతులెత్తేయడానికి ఇవన్నీ కలిసొస్తాయి, ఒక్క కారణం అంటూ ఉండదు.

ప్లగ్‌లు. ఇది అందరూ తేలిగ్గా తీసుకునే చోటు, నా లెక్క ప్రకారం మొదట చెయ్యి వేయాల్సిన చోటు కూడా ఇదే. ఎఫ్‌డీకి ఫ్యాక్టరీలో లీడింగ్‌కి ఎన్‌జీకే 7 హీట్ రేంజ్, ట్రెయిలింగ్‌కి 9 వస్తాయి, బీయూఆర్7ఈక్యూ, బీయూఆర్9ఈక్యూ కుటుంబం. ఎన్‌జీకే లెక్కలో నెంబర్ పెరిగేకొద్దీ ప్లగ్ చల్లన. బూస్ట్ పెంచినవాళ్ళు నాలుగూ 9లే వేసుకోవడం మామూలు, ఇంకా పైకెళ్తే ఆర్7420 సిరీస్ లాంటి రేస్ ప్లగ్‌లు, 10 ఆపైన. చల్లని ప్లగ్ వేస్తే ప్రీఇగ్నిషన్ (స్పార్క్ రాకముందే మిక్స్చర్ అంటుకోవడం) భయం తగ్గుతుంది కానీ ట్రాఫిక్‌లో నెమ్మదిగా తిరిగితే తనని తాను శుభ్రం చేసుకునేంత వేడెక్కదు, అసలే మన ఇంజన్ ఆయిల్ తాగే రకం, మీటరింగ్ పంప్ నుంచో ట్యాంకులో కలిపిన ప్రీమిక్స్ నుంచో ఆయిల్ లోపలికి పడుతూనే ఉంటుంది, దాంతో మసి పట్టేస్తుంది. ఇంకో మాట, పిస్టన్ కార్ల వాళ్ళు మిస్‌ఫైర్ అనగానే గ్యాప్ తగ్గించెయ్ అంటారు, రోటరీ ప్లగ్‌లో చుట్టూ నాలుగు ఎలక్ట్రోడ్లు ఉంటాయి, అది వంచి సర్దుకునే రకం కాదు, పాతదైతే తీసి కొత్తది వేయడమే. అలాగే సైజు సరిపోయిందని వేరే ఏదో ప్లగ్ బిగిస్తే దాని కొన హౌసింగ్ లోపలికి పొడుచుకొచ్చిందంటే అపెక్స్ సీల్ వచ్చి గుద్దుకుంటుంది, ఆ తర్వాత కథ చెప్పక్కర్లేదు.

నా విషయంలో ముందు కొత్త ప్లగ్‌లు వేసి చూశాం, తడబాటు పోలేదు గానీ కొంచెం పైకి జరిగింది, అదే 1.2 బార్ దగ్గర 6500కి బదులు 7000 దాటాక మొదలైంది. ఇదొక మంచి గుర్తు. ప్లగ్ మారిస్తే హద్దు జరిగిందంటే స్పార్క్ అంచు మీద ఉందని అర్థం, ఇక నిశ్చింతగా కాయిల్స్ కొనుక్కోవచ్చు.

కాయిల్స్‌లో పాత తరం వాళ్ళ దారి సీడీఐ. ఎంఎస్‌డీ బాక్సులు, ఎమ్ అండ్ డబ్ల్యూ లాంటివి, ఎన్నో పెద్ద పవర్ రోటరీలు వీటి మీదే నడిచాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి. కెపాసిటర్‌ని కొన్ని వందల వోల్టులకి నింపి ఒక్కసారిగా కాయిల్‌లోకి వదులుతుంది, డ్వెల్ గొడవే లేదు, వోల్టేజ్ ఎంత వేగంగా లేస్తుందంటే మసి పట్టిన ప్లగ్ కూడా వెలుగుతుంది. కాకపోతే స్పార్క్ నిలిచే టైం చాలా తక్కువ, అందుకే ఎంఎస్‌డీ వాళ్ళు కింద ఆర్పీఎంలో ఒకటికి నాలుగుసార్లు కొట్టిస్తారు. పనితనంలో నాకేమీ ఫిర్యాదు లేదు, కానీ ఇంజన్ బేలో ఇంకో బాక్సు, ఇంకో కట్ట వైర్లు, అదీ ఎలక్ట్రికల్ నాయిస్ బాగా పుట్టించే రకం, నాకెందుకో మనసొప్పలేదు. ఇప్పుడు అందరూ వాడేది ఇగ్నైటర్ (కాయిల్ కరెంట్‌ని ఆన్ ఆఫ్ చేసే స్విచ్) లోపలే ఉండే స్మార్ట్ కాయిల్స్, జీఎం ఎల్ఎస్ ఇంజన్ల కాయిల్స్ చవగ్గా దొరుకుతాయి, ట్రక్ ఇంజన్లకి వచ్చే హీట్‌సింక్ ఉన్న రకం మామూలు వాటికంటే గట్టిది. ఇంకా పైన ఐజీఎన్-1ఏ, ఏఈఎమ్ స్మార్ట్ కాయిల్ లాంటివి, 100 మిల్లీజూల్స్ చుట్టుపక్కల. నేను ఐజీఎన్-1ఏ తీసుకున్నా.

ఎల్ఎస్ కాయిల్స్ వేసుకునేవాళ్ళకి ఒకటి చెప్పాలి. వాటిలో కొన్ని రకాలకి సెల్ఫ్ ప్రొటెక్షన్ ఉంటుంది, డ్వెల్ మరీ ఎక్కువైతే మాడిపోకుండా తనంతట తానే కరెంట్ వదిలేస్తుంది, వదిలేస్తే స్పార్క్ వస్తుంది కదా, ఈసీయూ చెప్పకముందే. పిస్టన్ ఇంజన్‌లో కూడా ఇది చెడ్డదే, బూస్ట్‌లో ఉన్న రోటరీలో అయితే ఇంజనే పోతుంది. లెక్క చూడండి, 8000 ఆర్పీఎం దగ్గర షాఫ్ట్ ఒక మిల్లీసెకండ్‌లో 48 డిగ్రీలు తిరుగుతుంది. కాయిల్ అర మిల్లీసెకండ్ తొందరపడితే 24 డిగ్రీలు అడ్వాన్స్, అంటే అంత ముందే స్పార్క్. మనం 12 అనుకుని పెట్టింది 36 అయిపోతుంది. 2 మిల్లీమీటర్ల మందం అపెక్స్ సీల్‌కి అలాంటి దెబ్బ ఒక్కటి చాలు. కాబట్టి "ఎంత డ్వెల్ ఇస్తే అంత మంచిది" అనే మాట ఎవరు చెప్పినా వినకండి, ఆ కాయిల్ తయారుచేసినవాళ్ళు ఇచ్చిన టేబుల్ దాటొద్దు.

ఇక వైరింగ్, టైం ఎక్కువ తినేది ఇదే. ఐజీఎన్-1ఏకి ఐదు పిన్నులు, 12 వోల్టులు, పవర్ ఎర్త్, స్పార్క్ తిరిగొచ్చే ఎర్త్, ట్రిగ్గర్, ట్రిగ్గర్ ఎర్త్. ఎర్త్ ఎర్తే కదా అని మూడూ కలిపి ఒక బోల్టు కింద బిగించేవాళ్ళని చూశా. అలా చేయకూడదు. పవర్ ఎర్త్‌లో పది ఆంపియర్లు దాటి పోటు పోటుగా కరెంట్ పారుతుంది, అది బ్యాటరీకో బాడీకో దళసరి వైర్‌తో నేరుగా పోవాలి. స్పార్క్ ప్లగ్‌లో దూకి ఇంజన్ హౌసింగ్‌లోకి దిగుతుంది కాబట్టి దాని రిటర్న్ ఇంజన్ బ్లాక్ మీదకే, వీలైనంత దగ్గర్లో బిగించాలి. ట్రిగ్గర్ ఎర్త్ ఈసీయూకే పోవాలి, ఇంకెక్కడా తగలకూడదు. వీటిని కలిపేస్తే కాయిల్ కొట్టినప్పుడల్లా ఈసీయూ చూసే సున్నా వోల్టు ఎగిరి పడుతుంది, దాంతో క్రాంక్ సెన్సర్ సిగ్నల్ గందరగోళమై ట్రిగ్గర్ ఎర్రర్లు మొదలవుతాయి, అప్పుడు మనం కొత్త కాయిల్స్ పెట్టినా కారు ఇంకా మిస్ కొడుతోందని తల పట్టుకుంటాం.

12 వోల్టులు కూడా ఫ్యాక్టరీ ఇగ్నిషన్ వైర్ నుంచి తీసుకోకండి. ఇన్నేళ్ళ పాత వైరు, మధ్యలో ఎన్నో కనెక్టర్లు, నాలుగు పెద్ద కాయిల్స్ లోడు పడేసరికి కాయిల్ దగ్గరకి చేరేసరికి ఒకట్రెండు వోల్టులు మధ్యలోనే పోతాయి. ఈసీయూ మాత్రం తన దగ్గరున్న వోల్టేజ్ చూసి డ్వెల్ లెక్కేస్తుంది, దానికేం తెలుసు. బ్యాటరీ నుంచి ఫ్యూజ్, రిలే, దళసరి వైర్, పాత ఇగ్నిషన్ వైర్‌ని రిలే ఆన్ చేయడానికి మాత్రం వాడుకున్నా. ఇంజన్ నడుస్తుండగా కాయిల్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి, బ్యాటరీ దగ్గర చూసిన దానితో పోలిస్తే తేడా దాదాపు లేకుండా ఉండాలి.

కాయిల్స్ ఎక్కడ పెట్టాలనేది ఇంకో తలనొప్పి. ఫ్యాక్టరీలో అవి ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటాయి, వేడీ అక్కడే, చెయ్యి పెట్టాలన్నా మానిఫోల్డ్ విప్పాల్సిందే. కొందరు ఫైర్‌వాల్ మీద వరసగా పెడతారు, చూడ్డానికి బాగుంటుంది, కానీ ప్లగ్ వైర్లు పొడుగవుతాయి, పొడుగైన కొద్దీ నాయిస్. నేను టర్బోకి అవతలి పక్క, ప్లగ్‌ల వైపే, స్ట్రట్ టవర్ పక్కన బ్రాకెట్ చేయించి పెట్టా, వైర్లు పొట్టిగా వచ్చాయి, గాలి తగులుతుంది. వైర్ మందం చూసి మోసపోవద్దు, 8.5 మిల్లీమీటర్లా 10 మిల్లీమీటర్లా అన్నది పైన ప్లాస్టిక్ సంగతి, లోపల స్పైరల్ కోర్ ఉందా లేదా, రెసిస్టెన్స్ నాలుగింటికీ పొడవుని బట్టి సరిగ్గా ఉందా అన్నది ముఖ్యం. నాయిస్ తగ్గించే వైర్ తీసేసి మామూలు రాగి కోర్ వైర్ వేస్తే ఈసీయూ ఏడుస్తుంది.

స్టార్ట్ చేసేముందు ఈసీయూలో ట్రిగ్గర్ ఎడ్జ్ సెట్టింగ్ (సిగ్నల్ లేచేటప్పుడు కొట్టాలా, పడేటప్పుడు కొట్టాలా అన్నది) ఒకటికి రెండుసార్లు చూసుకోండి. తిరగేసి పెట్టారంటే డ్వెల్ అయిపోయాక కాకుండా డ్వెల్ మొదలయ్యే క్షణంలోనే స్పార్క్ వస్తుంది, మిగతా టైమంతా కాయిల్ కరెంట్ తాగుతూ కూర్చుంటుంది, కాసేపట్లో పొగ. కీ ఆన్ చేసి ఇంజన్ తిప్పకుండా కాయిల్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చబడుతోందంటే వెంటనే ఆఫ్ చేసేయాలి. డ్వెల్ టేబుల్‌ని బ్యాటరీ వోల్టేజ్‌ని బట్టి నింపాలి, 14 వోల్టుల దగ్గర సరిపోయింది 11 దగ్గర, అంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు, సరిపోదు.

తర్వాత టైమింగ్ లైట్. ఈసీయూలో టైమింగ్ లాక్ చేసి, ఫ్యాక్టరీ ఐడిల్ లెక్క ప్రకారమే లీడింగ్ టీడీసీ దాటాక 5 డిగ్రీలు, ట్రెయిలింగ్ 20 పెట్టి, నాలుగు వైర్ల మీదా విడివిడిగా లైట్ తగిలించి చూడాలి, ఒక్క లీడింగ్ చూసి వదిలేస్తే సరిపోదు. వెనక రోటార్‌వి 180 డిగ్రీల అవతల కనబడాలి కాబట్టి పుల్లీ మీద ఎదురుగా ఇంకో గుర్తు గీసుకున్నాం. వేస్టెడ్‌లో ఉన్నప్పుడు లీడింగ్ వైర్లు రెండూ తారుమారైనా తేడా తెలీదు, విడి ట్రిగ్గర్లలో అలా కుదరదు. ట్రెయిలింగ్ రెండూ తారుమారైతే ఇందాక చెప్పిన టైం కాని నిప్పే, కాకపోతే ఇంజన్ లీడింగ్ మీదే నడిచేస్తుంది కాబట్టి ఐడిల్‌లో అంతగా బయటపడకపోవచ్చు. ఆర్పీఎం 1000 నుంచి 5000కి పెంచినప్పుడు గుర్తు జరగకూడదు, జరుగుతోందంటే ఈసీయూలో ఇగ్నిషన్ డిలే సరిచేయాలి.

ఫలితం ఎలా ఉందంటే, అదే మ్యాప్ (ఈసీయూలోని సెట్టింగులు), అదే బూస్ట్, డైనో (పవర్ కొలిచే మెషీన్) మీద మొదటి పుల్‌లోనే వైడ్‌బ్యాండ్ ముందుకంటే బాగా రిచ్ చూపించింది. ట్యూనర్ నవ్వుతూ "చూశావా అన్నా, మనం మిస్‌ఫైర్‌కి పెట్రోల్ పోస్తున్నాం ఇన్నాళ్ళూ" అన్నాడు. అప్పటివరకు లీన్ అనుకుని పోసిందంతా మెల్లగా తీసుకుంటూ వచ్చాడు, పవర్ పెరిగింది అక్కడే. ఇది స్పార్క్ ఇచ్చిన పవర్ కాదు, ముందు నుంచీ ఉన్న పవర్ మీద పోసిన పెట్రోల్ తీసేశామంతే. టైమింగ్ మాత్రం ఒక్క డిగ్రీ కూడా పెంచలేదు, స్పార్క్ గట్టిపడింది కదా అని అడ్వాన్స్ పెంచుకోవచ్చనేది పూర్తిగా వేరే సంగతి, నాక్ హద్దు కాయిల్ మార్చినంత మాత్రాన జరగదు. 1.2 బార్ మీద 8000 వరకు ఆర్పీఎం గీత నున్నగా వచ్చింది. ఊహించని లాభం ఇంకోటి, చల్లటి పొద్దున సెల్ఫ్ కొట్టగానే అందుకుంటోంది, ఐడిల్‌లో 9 హీట్ రేంజ్ ప్లగ్‌లు మసి పట్టడం బాగా తగ్గింది.

ప్రస్తుతానికి ఫుల్ బూస్ట్‌లో లీడింగ్‌కీ ట్రెయిలింగ్‌కీ మధ్య స్ప్లిట్ 15 డిగ్రీల దగ్గరే ఉంచాం, 10కి తెస్తే కొంచెం లాగుతుందని ట్యూనర్ అంటున్నాడు గానీ ఈజీటీ సెన్సర్లు (ఎగ్జాస్ట్ వేడి కొలిచేవి) రెండు రోటార్లకీ విడివిడిగా పెట్టేదాకా నేను ఒప్పుకోను. ఆ సెన్సర్లు ఆర్డర్ పెట్టా, బూస్ట్ పెంచడం వాటి తర్వాతే.